ముడి వేసిన గడి

ఎదుటి సెలూన్‌లోంచి నవ్వులు వినవస్తుండగా కిందటి వారం మనము కుట్టుశాల గడప దగ్గర ఆగిపోయాము. ఆ నవ్వులు ఎవరిని గురించినవో లోపలివారికి అప్పటికి తెలియదు.

కథ ఎంతవరకు వచ్చినదో ఒకసారి తలచుకొందాము. నలభై యేళ్ళుగా కోటులు కుట్టిన మామగారి కళ్ళకు పొర కమ్మి, తన నోటుపుస్తకాలు తానే చదువుకోలేని స్థితి వచ్చింది. "కొలత చదవలేనివాడు కత్తెర పట్టకూడదు" అని ఆయన దుకాణం మూసివేయబోగా కోడలు అడ్డుపడింది. సాయంకాలపు తరగతులలో నేర్చిన విద్యతో ఒక చిన్న వెబ్‌సైటు కట్టింది. దానికి పేజీలు రెండే. ఒకదానిలో పేరు, తేదీ, మెడ, ఛాతీ, నడుము, భుజాలు నింపి 'భద్రపరచు' అని నొక్కితే కొలత లోపలికి చేరుతుంది. రెండవదానిలో పేరు కొట్టి 'చూపు' అంటే ఆ మనిషి కొలతలన్నీ వరుసకట్టి ఎదుట నిలుస్తాయి. ముప్పయ్యారు నోటుపుస్తకాలు, మూడు వేల పైచిలుకు వరుసలు, నాలుగు నెలల శ్రమ. రైలు గార్డుగా తిరిగే భర్త ఇంటికి వచ్చినప్పుడల్లా "నాకన్నా ఆ మిషనుతోనే నీకు కాపురం ఎక్కువైంది" అని వేళాకోళమాడేవాడు. మామగారు మాత్రం పొంగిపోయి, పాఠశాలలోని నలభై మంది ఉపాధ్యాయుల నల్లకోటులు కుట్టి ఇచ్చిన నాడు తన పెద్ద కత్తెరను కోడలి చేతిలో పెడతానని మాట ఇచ్చారు. నిన్న సాయంత్రం వెబ్‌సైటు ఊరికి తెరుచుకొన్నది.

ఇక వినండి.

ఉదయం పదకొండుగంటల ఎండ కిటికీ ఊచల నీడను కత్తిరింపు బల్లమీద పరచి ఉన్నది. మామగారు ఒక నల్లని గుడ్డను వేళ్ళతో తడిమి పోగు ఎటు నడచినదో చూస్తున్నారు. అత్తగారు వాకిలి దగ్గర స్టూలుమీద కూర్చుండి కాజాలు కుడుతున్నారు. కోడలు కంప్యూటరు ముందు ఉన్నది. అప్పుడు సెలూన్ ఆయన చేతినిండా సబ్బునురుగుతో రోడ్డు దాటి వచ్చాడు.

"అమ్మాయ్! నీ వెబ్‌సైటు బ్రహ్మాండం! పొద్దున్నించి నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఒక్కడూ పేపరు అడగలేదంటే నమ్ము."

"ఎవరి కొలత వాళ్ళు చూసుకుంటున్నారా బాబాయ్?" అన్నది కోడలు మురిసిపోతూ.

"ఎవరిది వాళ్ళు చూసుకుంటే మజా ఏముంది? పక్కవాడిది చూస్తున్నాం. బ్యాండు మేస్త్రీది చదవనా?" అతడు నురుగు అంటని చేతితో ఫోను ఎత్తి చదివాడు. "'కొలత తీయునపుడు పొట్ట బిగబట్టును. రెండంగుళాలు కలిపి కుట్టవలెను.' వాడు పదేళ్ళుగా తన పొట్ట పెరగలేదని పందేలు కాస్తున్నాడు కదా! మాస్టారు ఎంత పని చేశారూ!"

అత్తగారి సూది ఆగిపోయింది. "మరి నీ గురించి ఏముందో చూసుకున్నావా?"

"నా గురించా? నా గురించి ఏముంటుంది?"

కోడలు తెలియక పేరు కొట్టింది, తెలియకనే పైకి చదివింది. "'మాటలాడుచు కదలుచుండును. ప్రతి కొలతయు మూడుమార్లు తీయవలెను.'"

సెలూన్ ఆయన నవ్వు సగం తగ్గింది. మిగిలిన సగం కూడా వాకిట్లో చెప్పుల చప్పుడు వినగానే దిగిపోయింది. వచ్చినది పెద్ద టీచరమ్మ. ఆ వీధిలోని మగవారిలో సగం మంది ఆమె బెత్తం కింద పెద్దవారైనవారే. అతడు నురుగు చేతిని వీపు వెనుకకు దాచి, గోడకు నిలుచున్న బట్టచుట్టల మధ్య తానూ ఒక చుట్టలాగా నిలిచిపోయాడు.

ఆమె కూర్చోలేదు. తన ఫోను బల్లమీద పెట్టింది.

"మాస్టారూ, ఇది నా గురించేనా?"

"నాకు కనబడదమ్మా. చదవండి."

"'ఎడమ భుజము అరంగుళము తక్కువ. దూది రెండు పొరలు.'" తరగతిలో ఒక పిల్లవాని తప్పు చదివి వినిపించినంత స్పష్టంగా చదివింది. "ఇరవై ఎనిమిదేళ్ళుగా మీ కోటే వేసుకుంటున్నాను. నా భుజాలు సమానం అనుకుంటున్నాను. పిల్లలకి 'నిటారుగా నిలబడండి, నన్ను చూడండి' అని చెబుతున్నాను. పొద్దున్నే స్టాఫు రూములో నన్ను చూసి అందరూ ఎడమవైపుకి ఒరిగి నడుస్తున్నారు మాస్టారూ!"

బట్టచుట్టల మధ్య ఒక చుట్ట ఉక్కిరిబిక్కిరి అయింది.

"నువ్వు నవ్వకురా," అన్నది ఆమె అటు తిరగకుండానే. "నలభై కోటుల సంగతి చెప్పడానికి వచ్చాను. మా వాళ్ళెవ్వరూ ఇక్కడ కొలతలిచ్చేట్టు లేరు. రేపు తమ వంకరలు కూడా ఊరెక్కుతాయని భయం. వేరేచోట కుట్టించుకుంటామంటున్నారు."

మామగారి వేళ్ళు గుడ్డమీద నిలిచిపోయాయి. ఆయన కోపగించలేదు, తల మాత్రం మెల్లగా కోడలి వైపు తిప్పారు.

"అమ్మాయ్, అది ఏ గడిలోది? చివరి గడిలోదా? ముడి బొమ్మ వేసి ఉంటుంది, ఆ గడా?"

నోటుపుస్తకంలో ప్రతి వరుస చివరా ఒక చిన్న దారపు ముడి బొమ్మ ఉండేమాట నిజమే. కుట్టు ముగిసిన తరువాత దారం చివర ముడి వేస్తారు కదా, పని పూర్తయినదనడానికి గుర్తు కాబోలునని కోడలు అనుకొన్నది. పూర్తి కాని పనులకే ప్రత్యేకంగా గుర్తు పెట్టుకొంటే చాలునని, ముడులన్నీ వదలివేసి, పక్కనున్న మాటలు మాత్రం 'గమనిక' అనే గడిలో ఎక్కించింది.

"అంటే... పని అయిపోయిందని కాదా మామయ్యగారూ?"

"కాదు తల్లీ. కుట్టాలి, చెప్పకూడదు. అదీ ఆ ముడికి అర్థం."

అత్తగారి చూపు అప్రయత్నంగా లోపలి మూలకు పోయింది. అక్కడ రెండవ కత్తిరింపు బల్ల ఉన్నది. ఇరవై యేళ్ళుగా దానిమీద ఇస్త్రీ బట్టలు తప్ప కత్తెర ఆడలేదు. అది మామగారి అన్నగారి బల్ల. ముడి గుర్తును తండ్రి నేర్పినది ఆ యిద్దరు కొడుకులకే. రాజు వేషాలు కట్టే ఒక నటుడికి ఒక కాలు పొట్టి. ఆ లోటు కనబడకుండా అన్నదమ్ములు అతనికి ఎన్నో యేళ్ళు దుస్తులు కుట్టారు. ఒకనాడు నాటక సమాజమంతా ఈ గదిలో కూడి ఉండగా అన్నగారు నవ్వులాటకు ఆ ముడి విప్పి పైకి చెప్పేశారు. ఆ నటుడు మళ్ళీ రంగస్థలం ఎక్కలేదు. "నాన్న టేపు పట్టడానికి నువ్వు తగవు" అన్నారు మామగారు. అన్నగారు మారు పలకకుండా మెడలోని టేపు బల్లమీద పెట్టి, గడప దాటి వెళ్ళిపోయారు. అటుపైన అన్నదమ్ముల నడుమ మాట లేదు, ఉత్తరం లేదు. ఈ కథ కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో విన్నదే, దానిలో ముడి ఉన్న సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఒక్క ముడి విప్పినందుకు తోడబుట్టినవానినే వదులుకొన్న మనిషి. మూడు వేల ముడులు విప్పిన కోడలిని ఏమి చేయాలి? ఈ లెక్క కోడలికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పెద్ద కత్తెర మేకుకు వేలాడుతున్నది. ఆమె అటు చూడలేకపోయింది.

"తప్పు నాది టీచరమ్మా," అన్నది. "మామయ్యగారు ఎవరికీ చెప్పలేదు. నేనే చెప్పేశాను. ఇప్పుడే తీసేస్తాను."

"ఆగు," అన్నది పెద్ద టీచరమ్మ. "ఎలాగూ ఊరంతా చూసింది. నేను చూడనిది ఇంకా ఎంతుందో నన్నూ చూడనీ. నా గురించి రాసినవన్నీ చూపించు."

కోడలు పేరు కొట్టి 'చూపు' అన్నది. ఇరవై ఎనిమిది వరుసలు వచ్చాయిగాని అస్తవ్యస్తంగా వచ్చాయి. ఏ నోటుపుస్తకం చేతికి అందితే అది ముందు ఎక్కించడం వలన నిరుటిది మొదట, పాతది నడుమ పడ్డాయి. పెద్ద టీచరమ్మకు క్రమశిక్షణ లేని వరుస కంటపడితే ఒళ్ళు మండుతుంది. "తేదీ ప్రకారం నిలబెట్టు," అన్నది. కోడలు ఒక చిన్న ఆజ్ఞ మార్చింది. వరుసలన్నీ గంట విన్న పిల్లలవలె తమ తమ స్థానాలలో సర్దుకొన్నాయి.

పెద్ద టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకొని మొదటి వరుస చదివింది.

"'కొత్త ఉపాధ్యాయిని. భుజములు రెండును సమము. చేతులు వణకుచున్నవి. లోపలివైపు సుద్దముక్క పట్టునంత చిన్న జేబు పెట్టవలెను. ఆమె అడుగలేదు.'"

ఆమె చేయి తనంత తానే కోటు లోపలికి వెళ్ళి, ఆ జేబును తాకి బయటకు వచ్చింది. వేళ్ళకు సుద్ద అంటుకొని ఉన్నది. "కోటంటే అన్నిటికీ ఈ జేబు ఉంటుందనుకున్నాను," అన్నది నెమ్మదిగా.

"మీకొక్కరికే అమ్మా," అన్నారు మామగారు.

ఆమె చదువుకొంటూ పోయింది. నాలుగవ యేడు: ఎడమ భుజం పావంగుళం తక్కువ, దూది ఒక పొర. తొమ్మిదవ యేడు: పావు మీద మరికొంత. పదిహేనవ యేట: అరంగుళం, రెండు పొరలు. నిరుడు: "'అరంగుళము మీద ఒక నూలుపోగు. ఆ పుస్తకాల సంచి మోయుటకు పిల్లలు లేరా? అడుగరాదు.'"

విడివిడిగా చూస్తే ఒక లోటు. వరుసగా నిలబెట్టేసరికి ఒక జీవితం. కుదురుగా ఉన్న రెండు భుజాలలో ఒకటి ఏడాదికొక నూలుపోగు చొప్పున దేనికింద వంగుతూ వచ్చిందో ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. ప్రతి సాయంత్రం దిద్దవలసిన నోటుపుస్తకాల సంచి ఎడమ భుజానికి తగిలించుకొని ఆమె ఆ వీధిలోనే వెళ్ళేది.

"పిల్లలు మోస్తామనేవారు," అన్నది పెద్ద టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకొంటూ. "నేనే ఇచ్చేదాన్ని కాదు. దారిలో మార్కులు దిద్దుకుంటారని."

బట్టచుట్టల మధ్యనుండి సన్నని గొంతు వచ్చింది. "నా పేపర్ల వల్లేమీ భుజం వంగి ఉండదులెండి టీచరమ్మా. అన్నీ సున్నాలే కదా."

"సున్నాకి బరువేముందిరా? అవి సున్నా ఎలా అయ్యాయో ఒక్కొక్కటీ వెతికి రాశాను చూడు, అదే బరువు!"

అత్తగారు ముందు నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు, పెద్ద టీచరమ్మతో సహా. నవ్వు తగ్గిన తరువాత ఆమె మామగారి వైపు తిరిగింది. "నాకు ఒక్కనాడు చెప్పలేకపోయారా మాస్టారూ?"

"ఎందుకు చెప్పాలమ్మా? దేవుడు మనుషుల్ని చేసేటప్పుడు అక్కడక్కడ అరంగుళం వదిలేస్తాడు. మరిచిపోయి కాదు. మాకూ కాస్త సేవ మిగలాలని. ఆయన మా నమ్మకం మీద వదిలినదాన్ని దూది పెట్టి సరిచెయ్యాలి గాని, వీధిలో నిలబడి ఎత్తి చూపిస్తే ఆయనకి మేము ఏం జవాబు చెప్పుకోవాలి?"

పెద్ద టీచరమ్మ చేతి గడియారం చూచింది. "నా భుజం సంగతి నాకు తెలిసినందుకు కోపం లేదు. ఊరికి తెలిసినందుకు ఉంది. మధ్యాహ్నం బడి గంట కొట్టేలోపల ఆ గడి మూసెయ్యండి. మూస్తే నలభై మందిని నేను లైను కట్టించి తీసుకొస్తాను. మూయకపోతే నా మాట కూడా వాళ్ళు వినరు."

గంట కొట్టడానికి ఇంకా నలభై నిముషాలున్నాయి. కోడలు చీర కొంగు నడుమున దోపి కూర్చున్నది.

తప్పు దొరకడానికి అయిదు నిముషాలు పట్టలేదు. దొరికిన తరువాత సిగ్గుతో చచ్చినంత పని అయింది. కొలతలు తెచ్చి చూపుమని మిషనుకు చెప్పేచోట, ఏయే గడులు కావాలో పేరుపేరునా రాయకుండా, 'అన్నీ తీసుకురా' అని ఒక్క నక్షత్రపు గుర్తుతో సరిపెట్టింది. ఇంటికి వచ్చిన చుట్టానికి కుర్చీ చూపవలసినది, ఇల్లంతా తాళాలు తీసి తిప్పినట్లు! ఇప్పుడు మెడ, ఛాతీ, నడుము అని ఒక్కొక్కటే పిలిచింది. గమనికను పిలవలేదు. ఆపైన కొలతలు నింపే పేజీలో చివర ఒక చిన్న పెట్టె కొత్తగా పెట్టింది. అందులో గుర్తు పెడితే ఆ గమనిక ఊరివారు చూసే వీధి పేజీలో ఎన్నడూ కనబడదు, తమకు మాత్రమే తెరుచుకొనేలా కొత్తగా కట్టిన దుకాణపు పేజీలో ఉంటుంది.

"పెట్టె పక్కన 'రహస్యం' అని రాయనా మామయ్యగారూ?"

"రహస్యం అని రాస్తే అందరికీ చూడాలనిపిస్తుంది. ముడి బొమ్మ వెయ్యి. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది."

ఆమె ముడి బొమ్మ వేసింది. పాత వరుసలు మూడు వేల నూట పన్నెండింటికీ ఒక్క దెబ్బతో ముడి వేసింది. సెలూన్ ఆయన తన ఫోనులో పేజీని మళ్ళీ తెరిచి, పైకీ కిందికీ వెతికి, దిగాలుగా అన్నాడు. "పోయింది! రేపట్నించి మళ్ళీ పేపరు వేయించుకోవాల్సిందే." బడి గంట అప్పుడు కొట్టింది. పెద్ద టీచరమ్మ తన ఫోనులో కూడా ఒకసారి సరిచూచుకొని, "నూటికి తొంభై. పది మార్కులు నిన్నటికి కోత," అని చెప్పి వెళ్ళింది. పోతూ పోతూ సంచి కుడి భుజానికి మార్చుకొన్నది. నాలుగడుగులు వేసి, అలవాటు తప్పక మళ్ళీ ఎడమ భుజానికే తగిలించుకొన్నది. సెలూన్ ఆయన ఆమె వెనుక దూరంగా నడిచి రోడ్డు దాటాడు.

ముగ్గురే మిగిలారు.

"మామయ్యగారూ, నాకు కత్తెర వద్దు," అన్నది కోడలు తల వంచుకొని. "పెద్ద మామయ్యగారిది ఒక్క ముడి. నావి మూడు వేలు."

ఆయన చాలాసేపు సుద్దముక్కను వేళ్ళ నడుమ తిప్పారు. "ఆ ముడి ఏమిటో నీకు నేను చెప్పనే లేదు. ఊపిరి తియ్యడం ఎవరికైనా నేర్పుతామా అన్నట్టు ఊరుకున్నాను. చెప్పనివాడిది తప్పు గాని తెలియనిదానివి నీదేం తప్పు? కత్తెర నీదే. ఒక్క మాట ఇవ్వు. ముడి వేసిన గడి నోటితో పైకి చదవకు. ఎవరికీ. నాకు కూడా వద్దు. నేను రాసింది నాకు గుర్తే, నేను రాయనిది నాకెందుకు? చదువుకో, కుట్టు. అంతే."

"అలాగే మామయ్యగారూ. మాట."

"బాగుంది న్యాయం," అన్నారు అత్తగారు దారం కొరుకుతూ. "తెలియక చేసిందని కోడలికి క్షమాపణ. తెలిసి చేసి, తెలిసి సిగ్గుపడి, టేపు బల్లమీద పెట్టి వెళ్ళిపోయిన బావగారికి మాత్రం ఇరవై యేళ్ళ శిక్ష. దేవుడు వదిలిన అరంగుళం అందరికీ దూది పెట్టి పూడుస్తారు. మీ అన్నయ్యగారికి మాత్రం దూది కరువు!"

మామగారు సరిచేసిన గుడ్డ మడతనే మళ్ళీ సరిచేశారు.

కోడలు ఎటు చూడాలో తెలియక కంప్యూటరు వైపు తిరిగి, పేజీ పైనున్న వరుసల సంఖ్యను చూచింది. చూచి, మరొకసారి చూచింది. మూడు వేల నూట పదమూడు! ఇందాక పన్నెండు కదా? గదిలో ఎవరూ మీట తాకలేదు. అప్పుడు తెలిసింది. చూపే పేజీని సరిచేసే హడావుడిలో, నింపే పేజీకి తాళమే వేయలేదు. వీధి తలుపు బిగించి దొడ్డితలుపు బార్లా తెరిచి ఉంచింది. ఎవరో ఎక్కడినుండో ఆ తలుపున లోపలికి వచ్చి ఒక కొలత రాసి వెళ్ళారు.

ఆ వరుస తెరిచింది.

పేరు: తమ్ముడు. తేదీ: ఇరవై యేళ్ళనాటిది. మెడ పదిహేను. ఛాతీ ముప్పయ్యెనిమిది. గమనికలో రెండే వాక్యాలు. చివరి పెట్టెలో, పుట్టి అరగంట కూడా కాని, పక్కన ఏ మాటా రాయని ఆ ముడి బొమ్మమీద, గురి తప్పకుండా గుర్తు పెట్టి ఉన్నది. 'తమ్ముడు' అని పిలిచి ఆ ముడి వేయగలవారు ఈ గది వెలుపల లోకంలో ఒక్కరే.

"ఏమిటమ్మా, ఊపిరి బిగబట్టావు? బ్యాండు మేస్త్రీ వచ్చాడా?" అన్నారు మామగారు నవ్వుతూ.

"కాదండీ. కొత్త కొలత ఒకటి వచ్చింది."

"ఎవరిది?"

"మీది."

సుద్దముక్క ఆయన చేతిలో ఆగింది. "గమనిక ఉందా?"

"ఉంది."

"ముడి?"

"ఉంది మామయ్యగారూ."

ఆయన ముఖంలో ఏదో కదలి, వెలుగువలె పైకి వచ్చి, మళ్ళీ పంతం వెనుకకు పోయింది. "అయితే చదవకు," అన్నారు. గొంతు మాత్రం ఆ మాటతో ఏకీభవించలేదు. "మాట ఇచ్చావు."

కోడలు పెదవులు బిగించింది. కళ్ళ ఎదుట ఆ రెండు వాక్యాలు నిలిచి ఉన్నాయి. 'కోటు కుట్టి ఉంచాను. కొలత మారి ఉండును, మరల తీయవలెను.' చదివితే మాట పోతుంది. చదవకపోతే ఆ కోటు మరో ఇరవై యేళ్ళు మేకుకు వేలాడుతుంది.

వెనుకనుండి స్టూలు జరిగిన చప్పుడైంది. అత్తగారు ఎప్పుడు లేచివచ్చారో, కోడలి భుజం మీదుగా తెరలోకి తొంగిచూస్తున్నారు.

"మాట ఇచ్చింది కోడలు," అన్నారు ఆవిడ, సూదిని కొంగుకు గుచ్చుకొంటూ. "నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ ఇవ్వలేదు."

"ఏమేవ్!" అన్నారు మామగారు.

అత్తగారు కళ్ళజోడు ముక్కుమీదికి ఎగదోసుకొని, తీరికగా గొంతు సవరించుకొన్నారు.